నక్షత్రనౌకకు నెల కిస్తీ - ఒక ఆట నేర్పే జమాఖర్చులు

వార్షికోత్సవ సంచికలో చదువు గురించి, ఉద్యోగాల గురించి, పోటీ పరీక్షల గురించి రాసేవాళ్లు చాలామంది ఉంటారు. మేం ఈసారి ఒక ఆట గురించి రాస్తున్నాం. ఉద్యోగాల కోసం ఊరు వదిలి వెళ్లాక, ఒకే గదిలో అద్దెకున్న మా నలుగురికి పరిచయమైన ఆట ఇది. దీనికి మైదానం అక్కర్లేదు, కంప్యూటర్ అక్కర్లేదు, కరెంటు కూడా అక్కర్లేదు. రెండు పాచికలు, ఒక నోట్‌బుక్కు, పెన్సిలు ఉంటే చాలు. దాని పేరు ట్రావెలర్.

అంతరిక్షం అనగానే మనకు సినిమాల్లోని లేజర్ తుపాకులు, గ్రహాంతరవాసులు గుర్తుకొస్తారు. ఈ ఆటలో అవీ ఉన్నాయి. కానీ ఆడేవాళ్లకు నిద్ర పట్టనివ్వని శత్రువు వేరే. అది ఓడ మీద తీసుకున్న అప్పు. నక్షత్రనౌకను నడపడంలో ఎన్ని ఖర్చులున్నాయో, ఎన్ని తలనొప్పులున్నాయో, వాటి నుంచి మనం ఏం తెలుసుకోవచ్చో ఈ వ్యాసంలో వివరిస్తాం. లెక్కలున్నాయని పేజీ తిప్పేయకండి. అన్నీ కూడికలు, తీసివేతలే.

ఇది ఎలాంటి ఆట?

అష్టాచెమ్మాలోనో వైకుంఠపాళిలోనో ఒకరు గెలుస్తారు, మిగతావాళ్లు ఓడిపోతారు. ఇందులో అలా ఉండదు. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు రిఫరీ. కథను నడిపేది ఆయనే. మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుంటారు. ఒకరు పైలట్, ఒకరు ఇంజినీరు, ఒకరు డాక్టరు, ఇలాగన్నమాట. "మీ ఓడ ఫలానా గ్రహం మీద దిగింది, రేవు అధికారి కాగితాలు అడుగుతున్నాడు, ఏం చేస్తారు?" అని రిఫరీ అడుగుతాడు. ఆడేవాళ్లు తమ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. ఫలితం తేలనిచోట పాచికలు వేస్తారు. నాటకం లాంటిదే, కాకపోతే సంభాషణలు ముందే రాసి ఉండవు.

ఈ రకం ఆటల్లో అచ్చయిన మొదటిది 1974లో అమెరికాలో వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్. అందులో కత్తులు, మంత్రాలు, గుహల్లో నిధులు ఉంటాయి. మూడేళ్ల తర్వాత, 1977లో, గేమ్ డిజైనర్స్ వర్క్‌షాప్ అనే సంస్థ ట్రావెలర్‌ను విడుదల చేసింది. దాన్ని రూపొందించినవారు మార్క్ మిల్లర్. ఒక చిన్న పెట్టెలో మూడు నల్లట్ట పుస్తకాలు, అంతే ఆట. 1981లో సవరించిన ముద్రణ వచ్చింది. ఆ సంస్థ 1996లో మూతపడినా ఆట మాత్రం ఆగలేదు. వేరే ప్రచురణకర్తలు కొత్త ముద్రణలు తెస్తూనే ఉన్నారు. వాటిలో కొన్ని అంకెలు మారాయి. మేం ఇక్కడ చెప్పేవి తొలినాటి నియమాల్లోని అంకెలు.

పాత్రను తయారుచేసే పద్ధతే విచిత్రంగా ఉంటుంది. మన పాత్ర 18 ఏళ్ల వయసులో సైన్యంలోనో, నౌకాదళంలోనో, వర్తక నౌకల్లోనో చేరుతుంది. నాలుగేసి ఏళ్ల చొప్పున సర్వీసు చేస్తుంది. ప్రతి నాలుగేళ్లకూ పాచికలు వేయాలి. పాచిక తిరగబడితే పాత్ర సర్వీసులోనే చనిపోతుంది, ఆట మొదలుకాక ముందే! బతికి బయటపడితే ముప్పయ్యో నలభయ్యో ఏళ్ల వయసులో, కొంత డబ్బుతో, కొన్ని నైపుణ్యాలతో అసలు ఆటలోకి వస్తుంది. అంటే ఇందులో కథానాయకుడు నూనూగు మీసాల కుర్రాడు కాదు, ఉద్యోగం మానేసి సొంత బండి వేసుకుందామనుకునే నడివయసు మనిషి. అలాంటివాళ్లు మన ఊళ్లలో బోలెడంతమంది.

ఓడ ధర, అప్పు షరతులు

ఈ ఆటలో అందరికీ తెలిసిన ఓడ 200 టన్నుల ఫ్రీ ట్రేడర్. చిన్న వర్తక నౌక. ఇక్కడ టన్ను అంటే బరువు కాదు, చోటు. ఒక టన్ను ద్రవ హైడ్రోజన్ పట్టేంత స్థలం, సుమారు 14 ఘనమీటర్లు. ఓడలో 10 గదులు, మనుషుల్ని గడ్డకట్టించి తీసుకెళ్లే చల్లపెట్టెలు 20, సరుకుకు 82 టన్నుల చోటు, ఇంధనానికి 30 టన్నుల ట్యాంకు ఉంటాయి. ఒక్క గెంతులో ఒక పార్సెక్, అంటే సుమారు 3.26 కాంతి సంవత్సరాల దూరం వెళుతుంది. ఆ గెంతును జంప్ అంటారు. ఎంత దూరమైనా జంప్‌కు ఒక వారం పడుతుంది.

దీని ధర 3 కోట్ల 70 లక్షల 80 వేల క్రెడిట్లు. క్రెడిట్ అంటే ఆ లోకపు రూపాయి. అంత డబ్బు ఎవరి దగ్గరా ఉండదు కాబట్టి బ్యాంకు అప్పు ఇస్తుంది. షరతులు ఇవీ: ధరలో 20 శాతం ముందు కట్టాలి. ఆ తర్వాత నెలనెలా ధరలో 240వ వంతు చొప్పున 480 నెలలు, అంటే 40 ఏళ్లు కట్టాలి. మన ఓడకు డౌన్ పేమెంట్ 74 లక్షల 16 వేలు, నెల కిస్తీ 1,54,500 క్రెడిట్లు అవుతాయి.

వర్తక నౌకల్లో పనిచేసి పెద్ద హోదాకు చేరినవాళ్లకు, పాచిక కూడా కలిసొస్తే, పదవీ విరమణ ప్రయోజనంగా ఈ ఓడే వస్తుంది. ఉచితం అనుకోవద్దు. 40 ఏళ్ల కిస్తీలు కట్టే బాధ్యత కూడా దానితోపాటే వస్తుంది. నలభై ఏళ్ల మనిషికి నలభై ఏళ్ల అప్పు! అదృష్టం మరింత బాగుండి అదే ప్రయోజనం రెండోసారి వస్తే, పదేళ్ల కిస్తీలు కట్టేసినట్టు లెక్క. కానీ ఓడ కూడా పదేళ్లు పాతబడుతుంది.

మొత్తం కట్టేది ఎంతో చూద్దాం. 480 కిస్తీలు కలిపితే 7 కోట్ల 41 లక్షల 60 వేలు. డౌన్ పేమెంట్ కలుపుకుంటే 8 కోట్ల 15 లక్షల 76 వేలు. అంటే అసలు ధరకు రెండింతల పైన, సరిగ్గా 2.2 రెట్లు. ఇది చూసి "ఎంత దారుణమైన వడ్డీ!" అనుకుంటాం. మేం కూర్చుని లెక్క కట్టి చూస్తే, ఈ షరతులకు వడ్డీ ఏడాదికి సుమారు 5.6 శాతమే వచ్చింది. మన పద్ధతిలో చెప్పాలంటే నెలకు నూటికి అర్ధరూపాయి కూడా లేదు! అంత తక్కువ వడ్డీ అయినా, 40 ఏళ్లు సాగదీస్తే రెండింతలు దాటుతుంది. వడ్డీ శాతం ఒక్కటే చూస్తే సరిపోదు, ఎన్నాళ్లు కట్టాలో కూడా చూడాలి. ఈ ఆట చెప్పే మొదటి పాఠం ఇదే.

నెలకు ఖర్చెంత?

ఒక ట్రిప్పుకు రెండు వారాలు పడుతుందని లెక్క. ఒక వారం జంప్‌లో, ఇంకో వారం రేవులో సరుకు దించుకుని, ఎక్కించుకుని, ప్రయాణికుల్ని వెతుక్కోవడానికి. కాబట్టి నెలకు రెండు ట్రిప్పులు. ఓడ పూర్తిగా నిండి వెళుతోందనుకుని నెల ఖర్చు రాద్దాం.

బ్యాంకు కిస్తీ: 1,54,500

గదుల్లో గాలి, నీళ్లు, తిండి: గదికి ట్రిప్పుకు 2,000 చొప్పున 10 గదులకు, రెండు ట్రిప్పులకు 40,000

చల్లపెట్టెల నిర్వహణ: పెట్టెకు ట్రిప్పుకు 100 చొప్పున 4,000

ఇంధనం: ఒక్కో జంప్‌కు 20 టన్నులు, ఓడలోని విద్యుత్ యంత్రానికి నెలకు 10 టన్నులు, మొత్తం 50 టన్నులు. శుద్ధి చేసిన ఇంధనం టన్ను 500 చొప్పున 25,000

జీతాలు: పైలట్‌కు 6,000, ఇంజినీరుకు 4,000, ప్రయాణికుల్ని చూసుకునే స్టీవార్డుకు 3,000, డాక్టరుకు 2,000, మొత్తం 15,000

రేవు రుసుము: మొదటి ఆరు రోజులకు 100, ఆపైన రోజుకు 100 చొప్పున, రెండుసార్లకు 400

వార్షిక మరమ్మతు కోసం నెలనెలా పక్కన పెట్టేది: ఓడ ధరలో వెయ్యో వంతు, అంటే ఏడాదికి 37,080. నెలకు 3,090

మొత్తం: 2,41,990 క్రెడిట్లు.

వార్షిక మరమ్మతుకు డబ్బు ఒక్కటీ సరిపోదు, రెండు వారాల సమయం కూడా కావాలి. అది కూడా ఏ, బీ తరగతి రేవుల్లోనే చేస్తారు. ఏడాదికి 52 వారాలు. నెలకు రెండు చొప్పున 24 ట్రిప్పులకు 48 వారాలు పోతాయి. మరమ్మతుకు రెండు వారాలు. ఇక మిగిలేది రెండే రెండు వారాలు. జబ్బులు, పండగలు, పోలీసు తనిఖీలు, సాహసాలు అన్నీ ఆ రెండు వారాల్లోనే సర్దుకోవాలి. సాహసాల కోసం ఆట మొదలుపెట్టినవాడికి సాహసానికి తీరిక ఉండదు!

ఇప్పుడు ఇంకో లెక్క. ఓడ ఒక నెలంతా రేవులో కదలకుండా నిలబడిపోయిందనుకోండి. ఇంధనం ఖర్చు లేదు, ప్రయాణికుల తిండి ఖర్చు లేదు. అయినా కిస్తీ, జీతాలు, రేవు రుసుము, మరమ్మతు నిధి కలిపితే లక్షా 74 వేలకు పైగానే అవుతుంది. అంటే ఏ పనీ చేయకుండా కూర్చుంటే రోజుకు 6 వేల పైచిలుకు ఖర్చు. మన హాస్టల్ లెక్కతో పోల్చి చూడండి. సంక్రాంతికి పిల్లలందరూ ఊళ్లకు వెళితే బియ్యం, పప్పు ఖర్చు తగ్గుతుంది. కానీ అద్దె భవనంలో నడిచే హాస్టల్‌కు ఆ నెల అద్దె తగ్గదు. మనుషుల్ని బట్టి మారే ఖర్చు వేరు, ఎవరున్నా లేకపోయినా కట్టాల్సిన ఖర్చు వేరు. ఈ రెండింటికీ తేడా తెలియనివాడికి ఈ ఆటలో ఓడ ఎక్కువకాలం నిలవదు.

రాబడి ఎంత?

పది గదుల్లో నాలుగు సిబ్బందికి పోగా, ఆరు గదులు ప్రయాణికులవి. మొదటి తరగతి టికెట్టు 10,000. మధ్య తరగతి 8,000. చల్లపెట్టెలో పడుకుని వెళ్లే చౌక తరగతి 1,000. సరుకు రవాణాకు టన్నుకు 1,000. అన్నీ నిండితే ఒక ట్రిప్పుకు గదుల మీద 60,000, చల్లపెట్టెల మీద 20,000, సరుకు మీద 82,000, మొత్తం 1,62,000 వస్తాయి. నెలకు రెండు ట్రిప్పుల మీద 3,24,000. ఖర్చు పోగా మిగులు 82,010 క్రెడిట్లు. బాగానే ఉంది కదా అనిపిస్తుంది.

కానీ అన్నిసార్లూ ఓడ నిండదు. ఎంతమంది ప్రయాణికులు దొరుకుతారో, ఎంత సరుకు దొరుకుతుందో పాచికలు చెబుతాయి, ఆ గ్రహం జనాభాను బట్టి. జనం లేని గ్రహంలో బస్సెక్కేవాళ్లు ఎక్కడుంటారు? ఓడ సగమే నిండిందనుకోండి, రాబడి 1,62,000కు పడిపోతుంది. ఖాళీ గదుల తిండి ఖర్చు కొంత మిగిలినా, నెలకు 60 వేలకు పైగా లోటు తేలుతుంది. ఖర్చులన్నీ అలాగే ఉంటాయనుకుంటే ఓడ నాలుగింట మూడొంతులు నిండితేనే లాభమూ లేదు, నష్టమూ లేదు అన్న స్థితి వస్తుంది. ఆపైన నిండింది మాత్రమే మిగులు.

ఇక్కడ మేం సరదాకి ఒక లెక్క చేశాం. ఇదే ఓడను మన ఊళ్లో దొరికే వడ్డీకి కొంటే ఎలా ఉంటుంది? ముందు కట్టింది పోగా అప్పు 2 కోట్ల 96 లక్షల 64 వేలు. నూటికి నెలకు రూపాయి వడ్డీ అనుకుందాం. మన దగ్గర దాన్ని ధర్మవడ్డీ అంటారు. మొదటి నెల వడ్డీయే 2,96,640 అవుతుంది. ఓడ పూర్తిగా నిండి తిరిగినా, కిస్తీ కాకుండా మిగతా ఖర్చులన్నీ పోగా చేతిలో ఉండేది 2,36,510. అంటే వడ్డీ కట్టడానికే చాలదు, ఇక అసలు తీరే మాటేది? రెండు రూపాయల వడ్డీ అయితే నెల వడ్డీ 5,93,280, అది ఓడ మొత్తం రాబడి కన్నా ఎక్కువ. ఓడ అదే, పైలట్ అదే, కష్టం అదే. వడ్డీ ఒక్కటే మారింది. అంతరిక్షంలో అర్ధరూపాయికి నిలబడిన వ్యాపారం రూపాయి దగ్గరే మునిగిపోయింది. ఆటో మీద, హార్వెస్టర్ మీద, బోరుబావి మీద అప్పు చేసి చితికిపోయిన ఇళ్ల నుంచి మనలో చాలామంది వచ్చాం. నాన్నకు పని చేతకాక కాదు, ఆ వడ్డీకి ఏ పనీ నిలబడదని ఈ లెక్క చూశాక మాకు స్పష్టంగా తెలిసింది.

చౌక దారులు, వాటి అసలు ఖరీదు

డబ్బు చాలనప్పుడు ఎవరైనా ఖర్చు తగ్గించుకునే దారి చూస్తారు. ఈ ఆటలో మొదట కనిపించేది ఇంధనం. శుద్ధి చేయని ఇంధనం టన్ను 100 మాత్రమే. నెలకు 20,000 ఆదా. ఇంకా చౌక కావాలంటే బృహస్పతి లాంటి వాయుగ్రహం పక్కకు వెళ్లి, దాని వాతావరణంలోంచి హైడ్రోజన్‌ను ఉచితంగా పట్టుకోవచ్చు. కానీ శుద్ధి చేయని ఇంధనంతో యంత్రం మొరాయించే ప్రమాదం ఉంది. జంప్ గురి తప్పే ప్రమాదమూ ఉంది. గురి తప్పితే ఓడ 1 నుంచి 36 పార్సెక్‌ల దూరంలో ఎక్కడో తేలుతుంది. దగ్గర్లో రేవు ఉందో లేదో పాచికలకే తెలియాలి. కొన్ని గ్రహాల్లో వేరే దారి కూడా ఉండదు. రేవులకు ఏ, బీ, సీ, డీ, ఈ, ఎక్స్ అని తరగతులున్నాయి. మొదటి రెండింట్లోనే శుద్ధి ఇంధనం దొరుకుతుంది. సీ, డీ రేవుల్లో శుద్ధి చేయనిదే ఉంటుంది. ఈ తరగతి రేవు అంటే చదును చేసిన నేల, అంతే. ఎక్స్ అంటే అదీ లేదు.

రెండోది చల్లపెట్టెలు. మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. డబ్బు లేనివాళ్లు 1,000 క్రెడిట్లు కట్టి గడ్డకట్టిన నిద్రలో ప్రయాణిస్తారు. దిగాక ఒక్కొక్కరినీ నిద్ర లేపేటప్పుడు రెండు పాచికలు వేయాలి. 5 గానీ ఆపైన గానీ పడితే మనిషి లేస్తాడు. పడకపోతే ఇక లేవడు. రెండు పాచికలకు మొత్తం 36 రకాల పడికలు. వాటిలో 5 కన్నా తక్కువ వచ్చేవి 6. అంటే ఆరుగురిలో ఒకరు! ఇరవై మందిని ఎక్కిస్తే సగటున ముగ్గురికి పైగా శవాలై దిగుతారు. మంచి నైపుణ్యం ఉన్న డాక్టరు పక్కనుంటే పాచికకు ఒకటి కలుస్తుంది, అప్పుడు పన్నెండుగురిలో ఒకరు. ఇంకా ఘోరం, ఎంతమంది బతికి లేస్తారో ఊహించమని ఆ ప్రయాణికుల చేతే పందెం కట్టించే లాటరీ కూడా నియమాల్లో ఉంది. గెలిచినవాడు లేవకపోతే ఆ డబ్బు కెప్టెన్‌దే.

జమాఖర్చుల పుస్తకంలో ఇవేవీ కనిపించవు. "చల్లపెట్టెలు, 20,000" అని ఒక్క వరస మాత్రమే ఉంటుంది. మా బల్ల దగ్గర ఈ వరస మీద రెండు రాత్రులు వాదన జరిగింది. పండగలకు జనరల్ బోగీలో ఒంటికాలి మీద నిలబడి ఊరెళ్లినవాళ్లం. చౌక టికెట్టు కొనేవాడు ప్రమాదాన్ని ఇష్టపడి కొనడని, వేరే టికెట్టు కొనలేక కొంటాడని మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. సరే, చల్లపెట్టెలు వద్దనుకుంటే ఏమవుతుందో లెక్క వేశాం. నెల రాబడి 2,84,000కు తగ్గుతుంది. ఖర్చు 2,37,990. మిగతాదంతా నిండితే 46,010 మిగులుతుంది. కానీ అంతకుముందు ఓడ నాలుగింట మూడొంతులు నిండితే చాలు, ఇప్పుడు ఐదింట నాలుగొంతుల పైన నిండాలి. మనసుకు నచ్చిన పని చేయడానికి కూడా ఒక ధర ఉందన్నమాట. చివరికి మేం మంచి డాక్టరు దొరికేదాకా పెట్టెలు మూసి ఉంచాలని నిర్ణయించుకున్నాం. వేరే జట్టు వేరేగా నిర్ణయించుకోవచ్చు. అయితే అప్పు ఉన్నవాడు ఇలాంటి నిర్ణయాన్ని కిస్తీ తేదీ చూసుకుంటూ తీసుకోవాలి. అసలు బాధ అది.

సొంత సరుకు వ్యాపారం

రవాణా ఛార్జీలతో గట్టెక్కడం కష్టమని తెలిశాక అందరూ చేసేది సొంతంగా సరుకు కొని వేరే గ్రహంలో అమ్మడం. ప్రతి సరుకుకూ ఒక మూలధర ఉంటుంది. కొనేటప్పుడూ అమ్మేటప్పుడూ పాచికలు వేస్తే, మూలధరలో 40 శాతం నుంచి 400 శాతం దాకా ఎంతైనా పలకవచ్చు. వ్యవసాయ గ్రహంలో కొన్నది పారిశ్రామిక గ్రహంలో అమ్మితే కలిసొచ్చే అవకాశం ఎక్కువ. బేరమాడటం తెలిసిన పాత్ర ఉంటే ఇంకా మేలు.

దీని కష్టం మిర్చి రైతుకు, టమాటా రైతుకు తెలిసిన కష్టమే. సరుకు కొన్నాక డబ్బంతా సరుకులోనే ఉంటుంది. చేరిన చోట ధర పడిపోతే రెండే దారులు. నష్టానికి అమ్మాలి, లేదా ధర వచ్చేదాకా ఆగాలి. అప్పు లేనివాడు ఆగగలడు. రోజుకు 6 వేలు పోతున్నవాడు ఆగలేడు. అందుకే ఒకే తెలివి, ఒకే సరుకు ఉన్నా, అప్పున్నవాడు తక్కువకే అమ్ముకుంటాడు.

కిస్తీ కట్టకుండా పారిపోతే? నియమాలు దానికీ చోటిచ్చాయి. పారిపోయిన ఓడ ఏ గ్రహానికి చేరినా, దాన్ని స్వాధీనం చేసుకోవడానికి మనుషులు వస్తారా లేదా అని పాచికలు వేయాలి. బండి ఫైనాన్స్ వాళ్లు దారి కాసి తాళాలు లాక్కునే పద్ధతే అది.

అప్పు లేని ఓడలు ఉండవా?

రెండు రకాలున్నాయి. మొదటిది సబ్సిడీ ఓడ. 400 టన్నుల పెద్ద వర్తక నౌక. కిస్తీల బాధ్యత ప్రభుత్వం చూసుకుంటుంది. బదులుగా ప్రభుత్వం చెప్పిన మార్గంలో తిరగాలి, మొత్తం రాబడిలో సగం ప్రభుత్వానికి ఇవ్వాలి. లాభంలో సగం కాదు, రాబడిలో సగం. ఈ రెండు మాటల తేడా గుర్తుపెట్టుకోండి.

రెండోది 100 టన్నుల స్కౌట్ ఓడ. అన్వేషక దళంలో పనిచేసి వచ్చినవాళ్లకు వాడుకోవడానికి ఇస్తారు. కిస్తీ లేదు. దళం స్థావరాల్లో ఇంధనం, మరమ్మతు ఉచితం. కానీ ఓడ మనది కాదు, అమ్ముకోలేం. పిలుపొస్తే మళ్లీ సేవకు వెళ్లాలి. సరుకు పెట్టడానికి చోటు కూడా తక్కువ. కొత్తగా ఆడేవాళ్లకు మేం స్కౌట్ ఓడతోనే మొదలుపెట్టమని చెబుతాం. తలనొప్పి తక్కువ. కిస్తీ రుచి చూడాలనుకుంటే ఆ తర్వాత ఫ్రీ ట్రేడర్ తీసుకోవచ్చు.

బల్ల దగ్గర వచ్చే ఇబ్బందులు

ఓడలో ఇబ్బందులు సరే, ఆడేవాళ్ల మధ్య వచ్చేవి కూడా చెప్పాలి. మొదటిది విసుగు. ప్రతి ట్రిప్పుకూ అర్ధగంట లెక్కలే అయితే కథ ఎప్పుడు నడుస్తుంది? మేం పాటించే పద్ధతి ఇది: నెలకు ఒక్కసారి మాత్రమే పద్దు రాస్తాం. మారని ఖర్చులన్నీ ముందే కూడి ఒకే అంకెగా పెట్టుకుంటాం. చిల్లర వదిలేసి వేలల్లోనే రాస్తాం.

రెండోది, పద్దు ఎవరు రాయాలి? అన్నిసార్లూ లెక్కల్లో చురుకైనవాడి మీదే పడుతుంది. అలా వద్దు. నెలకొకరు చొప్పున మార్చుకోండి. పద్దు రాసినవాడికే ఓడ పరిస్థితి పూర్తిగా తెలుస్తుంది. అది ఒక్కడికే తెలిస్తే మిగతావాళ్లు అనవసరంగా ఖర్చు పెట్టిస్తారు, లేదా అనవసరంగా అనుమానిస్తారు. ఇంట్లోనైనా, సంఘంలోనైనా ఇంతే.

మూడోది వాటాలు. పాత్రధారులే సిబ్బంది అయితే జీతాలు తీసుకోవాలా, మిగులులో వాటా తీసుకోవాలా? ఓడ ఒకరి పేరు మీద ఉండి, కష్టం అందరిదీ అయితే ఎలా? దీన్ని మొదటి రోజే కాగితం మీద రాసుకోండి. డబ్బు కాగితం మీదిదే అయినా కోపం మాత్రం నిజంగానే వస్తుంది.

నాలుగోది రిఫరీకి. అప్పు అనేది కథను కదిలించడానికి ఉన్న సాధనం, ఆడేవాళ్ల గొంతు పిసకడానికి కాదు. కిస్తీకి డబ్బు చాలనప్పుడే ఎవరో ఒక ఆసామి రేవులోని హోటల్లో కలిసి, "ఒక పెట్టె ఉంది, కాగితాలు అడక్కుండా చేరవేస్తారా?" అంటాడు. అవసరం లేనివాడు వద్దని లేచిపోతాడు. అవసరం ఉన్నవాడు కూర్చుని వింటాడు. సాహసం అక్కడ మొదలవుతుంది. కాబట్టి రిఫరీ ఓడను ఎప్పుడూ కొంచెం లోటులోనే ఉంచాలి, కానీ ముంచకూడదు.

తమ్ముళ్లకు ఒక మాట

ఇది చదివి మీరు ఆట మొదలుపెడితే సంతోషం. పైన ఇచ్చిన అంకెలతో రెండు పాచికలు, ఒక నోట్‌బుక్కు పెట్టుకుని ఒక ఆదివారం ఓడను ఒక ఏడాది నడిపి చూడండి. ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ మునుగుతుందో మీకే తెలుస్తుంది. మునిగినా నష్టం లేదు, రబ్బరుతో చెరిపేసి మళ్లీ మొదలుపెట్టవచ్చు. నిజ జీవితంలో ఆ సౌకర్యం లేదు.

రేపు మీరూ చదువులు ముగించుకుని బయటికి వెళతారు. ఎవరో ఒకరు బండికో, ఫోనుకో, కోర్సుకో, ఇంటికో అప్పు ఇస్తామని కాగితం ముందు పెడతారు. "నెలకు ఇంతే కదా" అంటారు. అప్పుడు నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఎన్ని నెలలు కట్టాలి? మొత్తం ఎంత కడతాను? ఒక నెల రాబడి ఆగిపోతే ఏమవుతుంది? ఈ కిస్తీ కోసం నేను ఇష్టం లేని ఏ పనికి తల ఊపాల్సి వస్తుంది? మొదటి మూడింటికి జవాబు కూడికలు, తీసివేతలతోనే వస్తుంది. నాలుగోదానికి జవాబు మీరే చెప్పుకోవాలి. నాలుగూ చూసుకున్నాకే సంతకం పెట్టండి.